ఎల్ల, ఏలుబడి, బిరుదు: రాయచోటి సీమ నేపథ్యంగా కైఫీయతుల పఠనం

వ్యాససంగ్రహం

దేశవర్ణన, రాజ్యపాలన, వంశలాంఛనాలు అనే మూడు విషయాలను ఒకే గ్రంథంలో కూర్చడం తొలి ఆధునిక యూరప్ రాతప్రతులలో ప్రసిద్ధమైన పద్ధతి. తెలుగు నేలపై ఇటువంటి కూర్పుకు మిక్కిలి సన్నిహితంగా కనబడేవి గ్రామ కైఫీయతులు. దత్తమండలాలలో భాగమైన రాయచోటి సీమను నేపథ్యంగా తీసుకొని, కైఫీయతులలో ఎల్ల, ఏలుబడి, బిరుదు అనే మూడు అంశాలు పరస్పరం ఎలా ఆధారపడి ఉన్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది. బిరుదును అలంకారంగా కాక హక్కు ప్రకటనగా చదవవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కైఫీయతు, కవిలె, కరణం, పాళెగాడు, లాంఛనం, బిరుదు, దత్తమండలాలు, మెకంజీ, బ్రౌన్.

ఉపోద్ఘాతం

1544లో బాసెల్ నగరంలో సెబాస్టియన్ మ్యూన్‌స్టర్ ప్రచురించిన ‘కాస్మోగ్రాఫియా’ దేశాల ఉనికిని, నగరాల చిత్రాలను, రాజవంశాల క్రమాన్ని, వారి కవచచిహ్నాలను ఒకేచోట చేర్చింది. ఆ గ్రంథానికి ముందూ తరువాతా యూరప్‌లోని ఆస్థానాలలోను, ప్రభువుల ఇళ్లలోను ఇదే తీరులో అనేక రాతప్రతులు వెలిశాయి. ఏ నది ఎక్కడ పారుతుంది, ఆ నేలను ఎవరు ఏలుతారు, ఏలేవారి డాలుపై ఏ బొమ్మ ఉంటుంది అనే ప్రశ్నలు వాటి కర్తలకు మూడు వేర్వేరు శాస్త్రాలకు చెందినవి కావు. నేలపై అధికారం ఎవరిదో చెప్పడానికి అవి మూడు మార్గాలు మాత్రమే.

తెలుగులో ‘భూగోళం’, ‘రాజనీతి’, ‘వంశలాంఛనం’ అనే పేర్లతో ఈ మూడింటినీ కలిపిన శాస్త్రగ్రంథాన్ని వెదకడం కన్న, ఆ మూడు పనులనూ నెరవేర్చిన రచన ఏదని అడగడం ఫలవంతం. ఆ ప్రశ్నకు దొరికే సమాధానం కైఫీయతు. అరబ్బీ మూలం నుంచి పారశీకం మీదుగా తెలుగులోకి వచ్చిన ఈ మాటకు స్థితిగతుల వివరణ అని అర్థం. ఒక ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, దాని పొలిమేరలు ఏవి, దానిని వరుసగా ఎవరెవరు ఏలారు, ఎవరు ఏ మాన్యం ఇచ్చారు, ఏ దేవునికి ఏ ఉత్సవం జరుగుతుంది అనే విషయాలను కరణం చెప్పగా, లేదా కరణం దగ్గరున్న కవిలెను చూసి, రాసుకొన్న పత్రమే కైఫీయతు.

సేకరణ నేపథ్యం

1800 అక్టోబరు 12న కుదిరిన సంధి ప్రకారం హైదరాబాదు నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. రాయచోటి సీమ ఈ దత్తమండలాలలో భాగం. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో ముందు ఎదుర్కొన్న సమస్య పాళెగాళ్లది. దత్తమండలాలలో సుమారు 80 మంది పాళెగాళ్లు సొంత బలగాలతో, కోటలతో ఉండేవారు. వారి సైన్యాలను రద్దుచేయడం, కొందరిని తొలగించడం, కొందరికి భత్యాలు నిర్ణయించడం, భూమిని కొలిపించి రైతుల పేర శిస్తు కట్టడం మన్రో కాలంలోనే జరిగాయి.

కోలిన్ మెకంజీ పర్యవేక్షణలో దత్తమండలాల సర్వే 1809లో మొదలై 1815 దాకా సాగింది. స్కాట్లండు ద్వీపమైన లూయిస్‌లోని స్టార్నవే పట్టణంలో పుట్టిన మెకంజీ 1783లో కంపెనీ సైనికోద్యోగిగా మద్రాసు చేరాడు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయన సేకరణకు వెన్నెముకగా నిలిచారు. 1803లో బొర్రయ్య మరణించిన తరువాత ఆ బాధ్యత లక్ష్మయ్యపై పడింది. 1821లో మెకంజీ మరణించాక కంపెనీ ప్రభుత్వం ఆ సేకరణను ఆయన భార్య నుంచి కొనుగోలు చేసింది. 1828లో విల్సన్ ప్రకటించిన సూచిక ప్రకారం అందులో 2070 స్థానిక చరిత్రలు, 8076 శాసన ప్రతులు, 6218 నాణేలు ఉన్నాయి. శిథిలమవుతున్న ఈ స్థానిక చరిత్రలకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నకళ్లు రాయించాడు. నేటికీ చదవగలిగే స్థితిలో ఉన్న పాఠాలలో ఎన్నో ఆ నకళ్ల వల్ల నిలిచినవే. కడపలో బ్రౌన్ నివసించిన చోట ఏర్పడిన భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా వెలువరించింది.

ఈ కాలక్రమంలో ఒక విషయాన్ని గుర్తించాలి. కైఫీయతు సేకరించేవాడు ఊరికి వచ్చేనాటికి పాళెగాని అధికారం ముగిసింది, భూమికొలత అయిపోయింది, మాన్యాలపై విచారణ జరిగింది లేదా జరగబోతున్నది. అంటే కరణం పాతకాలపు సంగతులు చెబుతున్నప్పుడు వినేది సర్కారు మనిషి అని తెలుసు. కైఫీయతులోని ప్రతి వాక్యం గతాన్ని గురించినదే అయినా, దాని చూపు రాబోయే నిర్ణయం మీద ఉన్నది.

ఎల్ల: ఊరి భూగోళం

కైఫీయతు సాధారణంగా ఊరి పేరుతో మొదలవుతుంది. రాయచోటికి ‘రాచవీడు’ అనే పేరును స్థానిక సంప్రదాయం చెబుతుంది. ‘వీడు’ అనే మాటకు నగరమనీ, దండు విడిసిన చోటనీ అర్థాలున్నాయి. అదే సీమలోని గాలివీడు వంటి పేరులోనూ ఆ పదం నిలిచి ఉన్నది. కరణం చెప్పే వ్యుత్పత్తి భాషాశాస్త్రానికి నిలవకపోవచ్చు. అయితే ఊరిని రాజుతో, ఋషితో, దేవునితో ముడిపెట్టడం ద్వారా ఆ ఊరికి ఒక స్థాయిని కట్టబెట్టడం ఆ వ్యుత్పత్తి చేసే పని. మాండవ్య నదికి మాండవ్య ఋషి, ఆ నది ఒడ్డున వీరభద్రస్వామి ఆలయం అనే సంబంధం ఇటువంటిదే. నేల వర్ణన ఇక్కడ పుణ్యవర్ణనతో మొదలై హక్కుల వర్ణనలోకి సాగుతుంది.

రెండవ మెట్టు పొలిమేర. పటం లేని రోజులలో ఎల్ల అంటే ఒక వరుస ఆనవాళ్లు: తూర్పున ఫలానా గుట్ట, దక్షిణాన వంక, పడమట చెరువు అలుగు, ఉత్తరాన చింతమాను. వర్షాధారమైన ఈ సీమలో చెరువు కట్ట, తూము, అలుగు కేవలం గుర్తులు కావు. పంట ఎవరికి దక్కుతుందో నిర్ణయించే అంశాలు. చెరువును తవ్వించిన లేదా మరమ్మతు చేసే వ్యక్తికి ఇచ్చే దశబంధ మాన్యం రాయలసీమ శాసనాలలోను, కైఫీయతులలోను తరచుగా కనిపిస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం, మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలను, ఉండకూడని దోషాలను లెక్కించి చెప్పింది. నీటి భూగోళాన్ని రాతలో పెట్టే సంప్రదాయం ఈ నేలకు అప్పటికే ఉన్నదని చెప్పడానికి ఆ శాసనం చాలు.

ఎల్లకు లాంఛనం కూడా ఉండేది. విజయనగర కాలంలో విష్ణ్వాలయాలకు, వైష్ణవ బ్రాహ్మణులకు ఇచ్చిన గ్రామాల పొలిమేరలలో వామనముద్ర చెక్కిన రాళ్లు, శివాలయాలకు ఇచ్చిన వాటిలో లింగముద్ర రాళ్లు పాతడం దానశాసనాలలో కనిపిస్తుంది. మూడడుగుల నేల అడిగిన వామనుని బొమ్మను దానభూమి హద్దుపై నిలపడంలో ఔచిత్యం స్పష్టమే. ఒకే రాయి ఇక్కడ మూడు పనులు చేస్తున్నది: హద్దును చూపుతున్నది, దానమిచ్చిన అధికారాన్ని గుర్తుచేస్తున్నది, పొందినవారి మతసంబంధాన్ని ప్రకటిస్తున్నది. భూగోళం, పాలన, లాంఛనం విడివిడి విషయాలు కావనడానికి పొలిమేర రాయి కన్న సూటైన ఉదాహరణ లేదు.

ఏలుబడి: పాలకుల వరుస

పాలన విషయంలో కైఫీయతు ఒక వరుసను అనుసరిస్తుంది. ప్రతాపరుద్రుని కాలం, రాయల కాలం, తరువాత తురుష్కుల ఏలుబడి, చివరకు కుంఫిణీ అనే క్రమం కడప సీమ కైఫీయతులలో సాధారణం. చరిత్ర దృష్టితో చూస్తే 1565 తరువాత విజయనగర రాజధాని పెనుగొండకు, ఆ తరువాత చంద్రగిరికి మారింది. సిద్ధవటం కేంద్రంగా మట్లివారు బలపడ్డారు. 17వ శతాబ్ది మధ్యలో మీర్ జుమ్లా నాయకత్వంలో గోల్కొండ సేనలు గండికోటను పట్టుకొన్నాయి. 1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత కడపలో మయానా నవాబులు స్థిరపడ్డారు. 1779లో హైదర్ అలీ వారిని తొలగించాడు. 1792లో శ్రీరంగపట్నం సంధితో ఈ సీమ నిజాముకు చేరింది. ఎనిమిదేళ్లకు కంపెనీ పాలయింది.

కైఫీయతు ఈ మార్పులన్నిటినీ యుద్ధచరిత్రగా చెప్పదు. ప్రతి మార్పు వద్దా ఆగి, పాత మాన్యం సాగిందా, జప్తు అయిందా, కావలి రుసుము ఎవరికి చెల్లింది అని చెబుతుంది. రాజు మారడం కన్న హక్కు మారడం ఆ రచనకు ముఖ్యం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వెలువరించిన గ్రంథంలో కరణాల చారిత్రక దృష్టిని ప్రత్యేకంగా చర్చించారు. లెక్కలు, పత్రాలు, కారణకార్య సంబంధాలు తెలిసిన ఒక వర్గం తనకంటూ చరిత్ర రచనా పద్ధతిని రూపొందించుకొన్నదన్న వారి వాదం, కైఫీయతులను కట్టుకథలుగా కొట్టివేసే ధోరణికి గట్టి సమాధానం.

స్థానిక వరుసకు పైన విశాలమైన మరొక చట్రం ఉన్నది. గజపతి, అశ్వపతి, నరపతి అనే మూడు సింహాసనాల భావన విజయనగరానంతర తెలుగు రచనలలో బలంగా కనిపిస్తుంది. ఏనుగుల బలం గల ఒరిస్సా రాజు గజపతి. గుర్రాల బలం గల ముస్లిం ప్రభువు అశ్వపతి. కాల్బలం గల విజయనగర ప్రభువు నరపతి. ఫిలిప్ వాగనర్ 1993లో ఆంగ్లంలోకి అనువదించి వ్యాఖ్యానించిన ‘రాయవాచకము’లో ఈ చట్రం ప్రధానమైనది. దిక్కు, సైన్యం, సింహాసనం అనే మూడూ ఒక్క బిరుదులో ఇమిడి ఉండడం వల్ల, ఇది రాజకీయ భూగోళాన్ని బిరుదుల భాషలో చెప్పిన తీరు అనవచ్చు.

బిరుదు, లాంఛనం

యూరప్ వంశలాంఛన విద్యకు డాలు కేంద్రం. రంగు, గీత, జంతువు అనే వాటికి నియమిత వ్యాకరణం ఉన్నది. డాలుపై బొమ్మ తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తుంది. తెలుగు నేలపై లాంఛనానికి ప్రధాన ఆధారం ముద్ర, ధ్వజం, బిరుదావళి. తూర్పు చాళుక్యుల వరాహం, కాకతీయుల వరాహం, సూర్యచంద్రులతోను కత్తితోను కూడిన విజయనగర వరాహం ప్రసిద్ధాలు. అచ్యుతరాయల నాణేలపై గండభేరుండం కనిపిస్తుంది. బంగారు నాణేనికి ‘వరహా’ అనే పేరు చాళుక్యుల వరాహలాంఛనం నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. రాజముద్రపై జంతువు సామాన్యుని నోట డబ్బు పేరుగా మిగిలిపోయిందన్నమాట.

అయితే దృశ్యలాంఛనం కన్న ఇక్కడ శబ్దలాంఛనం బలమైనది. తొలి విజయనగర ప్రభువుల ‘పూర్వపశ్చిమ సముద్రాధీశ్వర’ అనే బిరుదు రెండు సముద్రాల నడుమ నేలను తనదిగా చెబుతుంది. ‘హిందూరాయ సురత్రాణ’ అనేది సుల్తాను అనే పరాయి పదవీనామాన్ని సంస్కృతీకరించి సొంతం చేసుకొన్నది. ‘మూరురాయరగండ’ ముగ్గురు రాజులపై ఆధిక్యాన్ని చాటుతుంది. ‘గండ’ అంతంలో ఉండే బిరుదులన్నీ ఎవరో ఒకరిపై గెలుపును ప్రకటించేవే. మట్లివారు తాము దేవచోళులమని చెప్పుకోవడం కూడా ఈ కోవకు చెందినదే. సామంతస్థాయిలో ఉన్న ఒక కుటుంబం ప్రాచీన సూర్యవంశంతో సంబంధం చెప్పుకోవడం వల్ల, కొత్తగా దక్కిన కోటకు పాతదైన యోగ్యత లభిస్తుంది.

బిరుదుతోపాటు వచ్చే గౌరవచిహ్నాలు కూడా ఉన్నాయి. పల్లకి, గొడుగు, చామరం, భేరి, పగటి దివిటీ, గండపెండేరం మొదలైనవి ఒకరు ఇస్తేనే దక్కేవి. మొగలు సంప్రదాయంలో చేప ఆకారపు ధ్వజమైన మాహీ మరాతిబ్ అటువంటి అత్యున్నత గౌరవం. వీటిని ఇచ్చే ప్రభువు మారితే గౌరవం మళ్లీ ధ్రువపడాలి. యూరప్ కవచచిహ్నం ముఖ్యంగా వంశానికి అంటిపెట్టుకొని ఉండగా, ఇక్కడి గౌరవచిహ్నం వంశానికీ కొలువుకూ నడుమ నిలుస్తుంది. కైఫీయతులో ఫలానా రాయలు ఫలానా వంశపురుషునికి ఫలానా బిరుదు, ఫలానా ఊళ్లు ఇచ్చాడని రెండూ జంటగా రావడానికి కారణమిదే. బిరుదు చెప్పడమంటే ఊరిపై హక్కు చెప్పడమే.

సాక్ష్యమా? హక్కుపత్రమా?

ఇంగ్లండులో 1484లో రాజాజ్ఞతో ఏర్పడిన లాంఛనాధికారుల సంస్థ, 1530 నుంచి 17వ శతాబ్ది చివరిదాకా జిల్లాలలో పర్యటనలు జరిపించింది. కవచచిహ్నం ధరించే ప్రతి కుటుంబమూ తన వంశవృక్షాన్ని, ఆధారాలను చూపాలి. చూపలేనివారి అర్హతను బహిరంగంగా నిరాకరించేవారు. మెకంజీ పుట్టిన స్కాట్లండులో 1672 నాటి చట్టం లాంఛనాలన్నిటినీ ప్రభుత్వ పుస్తకంలో నమోదు చేయాలని విధించింది. ఈ పర్యటనలకూ కైఫీయతు సేకరణకూ బాహ్యరూపంలో పోలిక ఉన్నది. రెండింటిలోనూ కేంద్రం పంపిన మనిషి ఊరికి వచ్చి, పాత పత్రాలు చూసి, వంశక్రమం రాసుకొని వెళతాడు.

ఫలితంలో మాత్రం తేడా ఉన్నది. ఇంగ్లండు పర్యటనలో నమోదైన లాంఛనం చెల్లుబాటవుతుంది. కైఫీయతులో నమోదైన బిరుదుకు ఆ చెల్లుబాటు లేదు. కంపెనీ దృష్టిలో అది పురాతన విషయం; శిస్తు నిర్ణయానికి ఆధారం సర్వే లెక్క, సనదు. చెప్పినవారికి హక్కుపత్రంగా తోచినది, రాసుకొన్నవారికి పురావస్తువుగా మారింది. కైఫీయతులను చదివేటప్పుడు తరచుగా మరుగున పడే విషయం ఇదే.

ఈ వ్యత్యాసం కాగితానికే పరిమితం కాలేదు. పాళెగాళ్ల కుటుంబాలకు హక్కులకు బదులుగా దక్కిన నెలసరి భత్యాన్ని తవర్జీ అనేవారు. వారసత్వం ప్రశ్నార్థకమైనప్పుడు కంపెనీ దానిని నిలిపివేసేది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఉన్న కారణాలలో తవర్జీ వివాదమూ, మాన్యాల జప్తూ ప్రధానమైనవి. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను నియమించిన తరువాత, చిన్న మాన్యగాండ్రు సైతం రాగిరేకులు, సనదులు వెదికి చూపవలసి వచ్చింది. వంశం, బిరుదు, మాన్యం అనే గొలుసులో ఒక లంకె తెగితే ఏమవుతుందో రాయలసీమ 19వ శతాబ్ది చరిత్ర చూపుతున్నది.

రాగికాసుపై సింహాలు

కైఫీయతుల పాలకుల వరుసలో కుంఫిణీ వారి స్థానం విలక్షణమైనది. గజపతి, అశ్వపతి, నరపతి అనే చట్రంలో వర్తకసంఘానికి సింహాసనం లేదు. దానికి వంశవృక్షం చెప్పడానికి వీలులేదు. అయినా కంపెనీకి సొంత కవచచిహ్నం ఉన్నది. 1803లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులో ముద్రించిన 20, 10 కాసుల రాగినాణేలపై ఇరువైపుల సింహాలతో కూడిన కంపెనీ లాంఛనం, రెండవ వైపు పారశీక లిపిలో నాణెం విలువ ఉన్నాయి. దత్తమండలాలు చేతికొచ్చి అప్పటికి మూడేళ్లు మాత్రమే. యూరప్ వంశలాంఛన విద్య ఈ సీమలోకి పుస్తకంగా కాక చిల్లరడబ్బుగా ప్రవేశించిందని చెప్పవచ్చు. వరాహలాంఛనం నాణేనికి పేరైన నేలపై, కొత్త ఏలుబడి కూడా తన లాంఛనాన్ని నాణెం మీదనే చూపింది.

పరిశోధకులకు కొన్ని పఠన సూత్రాలు

కైఫీయతును వినియోగించే పరిశోధకుడు నాలుగు విషయాలను వేరుచేసుకోవాలి. మొదటిది, కవిలె నుంచి ఎత్తిరాసిన భాగం. శకవర్షం, సంవత్సర నామం, దానభూమి కొలత వంటివి ఇందులో ఉంటాయి. వీటిని రాష్ట్ర పురావస్తుశాఖ ప్రచురించిన కడప జిల్లా శాసన సంపుటాలతో సరిపోల్చవచ్చు. రెండవది, కరణం జ్ఞాపకం నుంచి చెప్పినది. సమీపకాలపు నవాబుల, హైదరు నాటి సంగతులలో దీనికి విలువ ఎక్కువ. మూడవది, స్థలపురాణం. దీనిని తేదీకోసం కాక విశ్వాసాల, గుడి మర్యాదల చరిత్రకోసం చదవాలి. నాలుగవది, నకలు రాసినవాడు చేసిన మార్పు. మెకంజీ ప్రతికీ బ్రౌన్ నకలుకూ నడుమ పాఠభేదాలను గుర్తించకుండా ఒక బిరుదు రూపంపై వాదం నిర్మించడం ప్రమాదకరం.

వీటితోపాటు మౌనాలనూ గుర్తించాలి. కైఫీయతు మాన్యం ఉన్నవారి గురించి మాట్లాడుతుంది. చెరువు కట్ట పోసిన కూలీలు, పొలిమేర రాయి మోసిన చేతులు, ఆయగాండ్రలో చివరి వరుసవారు, స్త్రీలు అందులో అరుదుగా కనబడతారు. యూరప్ లాంఛనగ్రంథాలు సైతం డాలు లేనివారిని పట్టించుకోలేదు. ఏ దేశంలోనైనా హక్కుల రచన హక్కులేనివారిని వదిలివేస్తుంది. అందువల్ల కైఫీయతును శాసనాలతో, ఇనాం రిజిస్టర్లతో, మౌఖిక కథనాలతో కలిపి చదవడం తప్పనిసరి.

ముగింపు

తెలుగులో దేశవర్ణనకు, రాజ్యతంత్రానికి, లాంఛనాలకు ప్రత్యేక శాస్త్రగ్రంథాలను వెదికి, దొరకలేదని నిరాశపడే కన్న, ఆ మూడూ కలిసి పనిచేసిన రచనలను ఉన్నవి ఉన్నట్లు గుర్తించడం మేలు. కైఫీయతులో ఎల్ల లేకుండా ఏలుబడి లేదు. ఏలుబడి లేకుండా బిరుదు లేదు. బిరుదు లేకుండా ఎల్లపై హక్కు నిలవదు. రాయచోటి వంటి మెట్టసీమలో చెరువు కింద నాలుగు మళ్ల మాన్యం ఒక కుటుంబానికి బతుకుతెరువు. ఆ మాన్యాన్ని నిలబెట్టుకోవడానికి కరణం నోట వెలువడిన వంశక్రమాన్ని కేవలం అతిశయోక్తిగా కొట్టివేస్తే చరిత్రకారుడు సగం సాక్ష్యాన్ని కోల్పోతాడు. యథాతథంగా నమ్మితే మిగిలిన సగాన్ని కోల్పోతాడు. ఎవరు, ఎవరి ఎదుట, ఏ హక్కు కోసం చెప్పారు అనే ప్రశ్నతో ఒక్కొక్క కైఫీయతునూ చదివినప్పుడే వాటి చారిత్రక విలువ వెల్లడవుతుంది. కడప సంపుటాలు అచ్చులో అందుబాటులో ఉన్న నేడు, ఒక్కొక్క తాలూకాను విడిగా తీసుకొని బిరుదులనూ, మాన్యాలనూ, పొలిమేరలనూ జతపరచి పట్టికలు తయారుచేయడం తెలుగు శాఖల, చరిత్ర శాఖల పరిశోధకులు కలిసి చేయదగిన పని.